వేపదుంగలో ఏడు మేకులు

గురువారం, తాండూరు

ఈరోజు మా కట్టెకోత మిషన్‌కు దోమ ఊరి నుంచి గాలికి పడిన వేపదుంగ వచ్చింది. పోయిన నెల వేరే దుంగలోని ఇనుము తగిలి బ్లేడు తెగి, పనివాడు సత్తయ్య చెవి పక్కనుంచే ఎగిరిపోయింది. కొత్త బ్లేడు వేసినా నాకు ఆ గుబులు పోలేదు. ఈ దుంగ బెరడుపై పాత పసుపు మరకలు చూసి, మిషన్ ఆపమన్నాను.

"ఏందమ్మా, దుంగకు గూడ పూజ చేస్తవా?" అని మా అబ్బాయి రమేశ్ నవ్వాడు.

"గిది మొక్కుల చెట్టు కొడుకా. పిల్లల కోసం మేకు కొట్టి ఉయ్యాల కడ్తరు. నీ కోసం నేను గట్లనే కట్టిన. జర మాగ్నెట్ తే."

వాడు తెచ్చి దుంగ పొడవునా తిప్పాడు. బెరడు మింగేసిన మేకులు ఏడు దొరికాయి. అన్నీ పీకాక కోస్తే బ్లేడుకు ఒక్క పన్ను కూడా పోలేదు.

"అక్కా, నా చెవులు దక్కినయ్!" అని సత్తయ్య రెండు చెవులూ పట్టుకుని గుంజీలు తీశాడు. అందరం పడీపడీ నవ్వాం.

మేకులను పాత ఇనుములో వేయడానికి చేతులు రాలేదు, దేవుడి గూట్లో పెట్టాను. ఎవరి మొక్కయినా తీరకముందే పీకేశామేమో అని ఒక దిగులు... లేదులే, బెరడు మింగేసేంత పాతవి. ఆ పిల్లలకు ఈపాటికి మీసాలు వచ్చి ఉంటాయి.