ఉతకని చొక్కా

మార్చి 4, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం మా లాండ్రీ సూపర్‌వైజర్ దుప్పట్ల స్టోర్‌లో నా మీద అత్యాచారం చేశాడు. పాడు చేశాడు అంటారు జనం. ఆ మాట నేను రాయను. నేను పాడవలేదు. బయట మెషిన్లు తిరుగుతున్నాయి, నా అరుపు నాకే వినపడలేదు. వాడి భుజం కొరికాను. వాడి చొక్కాకి రక్తం అంటింది.

వాడు వెళ్లాక నేను చేసిందేంటి? యూనిఫాం విప్పి, చన్నీళ్లలో నానేసి, మరకల మందు పట్టించి, మెషిన్‌లో వేశాను. నాలుగేళ్ల అలవాటు. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

మార్చి 5, ఉదయం 6

అమ్మతో కడుపునొప్పన్నాను.

మార్చి 5, మధ్యాహ్నం

డ్యూటీలో, ఇస్త్రీ టేబుల్ దగ్గర పనిచేసే అక్క నా మొహం చూసి పక్కకి లాగింది. చెప్పేశాను. నోరు మూసుకుని నడువు అని ఆస్పత్రికి తీసుకెళ్లింది. నర్సు ముట్టుకునే ముందు ప్రతిసారీ అడిగింది. కేసు పెట్టినా పెట్టకపోయినా వైద్యం చేస్తామంది. మూడు రోజుల లోపే వచ్చావు, గర్భం, జబ్బులు రాకుండా మందులు పనిచేస్తాయంది. తర్వాత, నిన్నటి బట్టలేవమ్మా అంది. ఉతికేశానన్నాను. ఒక్క చుక్క మిగల్లేదండీ అని కూడా అన్నాను, పని బాగా చేసినట్టు. ఆవిడ పెన్ను ఆగింది. అయినా తీసుకురా, కాగితం సంచిలో పెట్టు, ప్లాస్టిక్ వద్దు, ఇందులో నీ తప్పేం లేదు అంది. నమ్మబుద్ధి కాలేదు.

మెట్లు దిగుతుంటే వాడి చొక్కా గుర్తొచ్చింది. స్టాఫ్ బట్టలు గురువారం ఉతుకుతాం.

మార్చి 6, గురువారం

చొక్కాని ఉతికే బట్టల మూటలోనే వేశాడు! మేమే ఉతికి, మడతపెట్టి చేతికిస్తామని వాడి ధీమా. అక్క తీసి కాగితం సంచిలో పెట్టింది. ఏంటది అని మూటలు విప్పే అమ్మాయి అడిగితే, సారు చొక్కాకి స్పెషల్ ఉతుకుడు ఉందిలేవే అందట. నవ్వొచ్చింది. నవ్వుతూనే వాంతి చేసుకున్నాను.

మార్చి 7, శుక్రవారం

పోలీస్ స్టేషన్. కేసులు రాసే రైటర్ ఇన్ని రోజులు ఏం చేశావన్నాడు. మూడు రోజులేనండీ అన్నాను. అదే, ఇన్ని రోజులు అన్నాడు. కంప్లైంట్ రాసుకుని, నా యూనిఫాందీ, వాడి చొక్కాదీ రెండు సంచులూ బీరువా మీదకి విసిరాడు. అందినట్టు కాగితం అడిగాను. చీటీ ఇవ్వడానికి ఇదేమన్నా లాండ్రీ అనుకున్నావా అన్నాడు. పక్కనోళ్లు నవ్వారు.

మేము దిండు గలీబుకి కూడా చీటీ ఇస్తాం.

మార్చి 10, సోమవారం

స్టేషన్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఏ సంచి అంటున్నారు. సూపర్‌వైజర్ డ్యూటీలోనే ఉన్నాడట. అక్కని ఇస్త్రీ నుంచి తీసేసి దుప్పట్ల స్టోర్‌లో వేశాడట. నాకు సాయం చేసినందుకే కదా.

మార్చి 11

అమ్మకి చెప్పాను. జడ వేస్తున్న చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ అల్లింది.

మార్చి 12, బుధవారం

రేపు రైటర్‌కీ, అతని పైఆఫీసర్‌కీ ఇచ్చే చీటీ:

తెల్ల చొక్కా ఒకటి. కాలర్ మీద లాండ్రీ నంబర్ 11. ఎడమ భుజాన రక్తం. ఉతకనిది.

ఆడవాళ్ల యూనిఫాం ఒకటి. ఉతికింది.

రెండూ మీ దగ్గరున్నాయని సంతకం పెట్టివ్వండి. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు.