ముందే నింపిన గడి

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు అనకాపల్లిలో మా పిల్లల రక్షణ ఆఫీసుకి, ఆడపిల్లల హోమ్ నుంచి నీ ఈడు పిల్లే వచ్చింది. ఇంటికి తీసుకెళ్తానని వచ్చిన ఆ పిల్ల మేనమామ, "ఇష్టంగానే వత్తాదండి, రాసీండి" అన్నాడు. ఆయన్ని బయటికి పంపి, పెన్నుకి మూత పెట్టి, ఆ పిల్లనే అడిగాను. తలుపు వైపు చూసింది. లేచి తలుపు మూసి వచ్చాను.

"నానెల్లనండి. నాకు బయమేత్తంది" అంది.

ఆ మాట అలాగే రాశాను. హోమ్‌లోనే ఉంచాం.

నిన్నూ అడగాల్సింది తల్లీ. మీ చిన్నాన్న తొందరపెడితే, నువ్వు గదిలోకి రాకముందే గడి నింపేశాను. ఆయనతో వెళ్లిన నెలకే, ఆ ఇంట్లోనే చనిపోయావు. నీ ఫైల్లో "పిల్ల అభిప్రాయం" అన్నచోట ఇప్పటికీ నా చేతిరాతే ఉంది: "ఇంటికి వెళ్లడం ఇష్టమే."