ఆ వరసలో ఐదక్షరాలు

చిరంజీవి సౌభాగ్యవతి గాయత్రికి, నీ తండ్రి సూర్యప్రకాశరావు మనసారా దీవించి వ్రాయునది.

మీ అమ్మా నేనూ ఇక్కడ కుశలమే. నీవూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. ఊరూ తేదీ లేని ఉత్తరానికి తరగతిలో సగం మార్కులు కోసినవాణ్ణి, ఈ ఉత్తరానికి ఆ రెండూ వేయలేదు. అది మరపు కాదు. నా కాలేజీ రోజుల్లో ఉత్తరాలను దారిలో విప్పి చదువుతున్నారని మాలో ఒక పుకారు ఉండేది. ఆ రోజుల సంగతి వ్రాయడానికి కూర్చునేసరికి చేయి తనంతట తానే ఆ పాత జాగ్రత్తకు పోయింది. పోనిమ్మని ఊరుకున్నాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబు చెబుతాను. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత నయం. మేడ మెట్లు ఎక్కవద్దని ఏడాదిగా నేను చెబితే వినలేదు కాని, మలికిపురం డాక్టరుగారు ఒక్కసారి చెబితే మానింది. కొబ్బరికి తెల్లదోమ మళ్లీ పట్టింది. చెట్ల కింది అరటి ఆకులన్నీ మసి పూసినట్లు నల్లబడ్డాయి. కంటి చుక్కలు వేసుకొంటున్నాను. నీవు మాత్రం ‘వేస్కుంటున్నారా’ అని వ్రాశావు. కాలేజీలో పాఠం చెప్పే మనిషి అలా వ్రాయకూడదు.

ఇక చివరి ప్రశ్న. దీనికి జవాబు వ్రాయలేక రెండు కాగితాలు చింపాను. ఫోనులో నీవు అడిగినప్పుడు సరిగా వినబడటం లేదని పెట్టేశాను. వినబడింది.

వచ్చే సోమవారం మీ ఒప్పంద అధ్యాపకులందరూ కలెక్టరు కార్యాలయానికి నడిచి వెళ్తారనీ, ముందు వరుసలో నడుస్తూ నీవు పాట ఎత్తుకుంటావనీ, పాత సినిమా పాట వరసలో మీరే మాటలు కట్టుకున్నారనీ వ్రాసి, తప్పులు దిద్దమని ఆ పాట నాకు పంపావు. నేను అన్నీ వదిలి ఒక్క మాట కింద గీత గీశాను. ‘వెనుదిరగం’ అపశబ్దమనీ, ‘వెనుకకు తిరుగము’ అనాలనీ, అది వరసలో ఇమడదు కనుక ఆ పాదం తీసివేసి ‘నిలిచి వేడెదము’ అని పాడుకోమనీ వ్రాశాను. దానికి నీవు, “మా కాలేజీ తెలుగు మాస్టారు అది శుద్ధమైన మాటేనన్నారు నాన్నగారూ, అది తప్పనే సూత్రమేదో చెప్పండి. ‘వేడెదము’ అంటే మేము హరికథకు వెళ్తున్నామా అని ఇక్కడ అందరూ నవ్వుతున్నారు” అని అడిగావు.

ఆ సూత్రం లేదమ్మా. ‘వెను’ మీద ‘తిరుగు’ చేరితే తకారం దకారం కావడం మన భాషకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మీ మాస్టారు చెప్పిందే ఒప్పు. ఒప్పని తెలిసిన మాటను తప్పని వ్రాయడం నా జన్మలో అదే మొదటిసారి. అదీ ఎర్రసిరాతో.

ఎందుకు వ్రాశానో చెబుతాను. ఆ సినిమా వచ్చినప్పుడు నేను అమలాపురంలో బి.ఏ. చదువుతున్నాను. రేవులో పడవ కోసం చూసే పిల్ల పాడే పాట అది. కాఫీ హోటలు రేడియోలో రాగానే గ్లాసులు బల్లమీద పెట్టి వినేవాళ్లం. ఆ సంవత్సరమే ప్రత్యేకాంధ్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఇంటికి వెళ్లిన కుర్రవాడు మళ్లీ గదికి వస్తాడో రాడో తెలియని రోజులు. అప్పుడు ఎవరో ఆ పడవ పాట వరసలోనే ఊరేగింపు పాట కట్టారు. పిల్లలు ‘వెనక్కి తిరగం’ అని పాడుతుంటే తాళం ఒక అక్షరం తప్పుతోంది. ఆ చోట ఐదక్షరాలే పడతాయి. నేను ‘వెనుదిరగం’ అని దిద్ది ఇచ్చాను. అది అచ్చంగా అతికింది. నీ పాటలోనూ అదే చోట అదే మాట పడటంలో వింత లేదు. ఆ వరస ఆ మాటనే అడుగుతుంది.

ఆ పాట ఎత్తుకొనేవాడు మీ గంగబాబు మావయ్య. అవునమ్మా, నీవు పుట్టినప్పటి నుంచీ ఒక్క మాటా వినబడని మనిషిగానే చూసిన మీ మావయ్యే. అతని గొంతు కోసం మిగతా ఊళ్లవాళ్లు కూడా మా ఊరేగింపుకు వచ్చేవారు. ఒకనాడు, ఊరు పేరు వద్దు, కాలువ వంతెన దగ్గర లాఠీలు లేచాయి. అందరం పరుగెత్తాం, నేను కూడా. పాట మాత్రం నా వెనుక ఇంకా వినబడుతూనే ఉంది. ఆ మాట దగ్గరకు వచ్చి ఆగిపోయింది. దెబ్బ చెవి వెనుక తగిలింది. నెల తిరిగేసరికి రెండు చెవులూ పోయాయి. తరువాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చి పోలీసు విచారణకు మనుషులు వచ్చినప్పుడు, ఊరేగింపు సంగతి బయటపడకూడదని, అతని చెవులు జ్వరం వల్ల పోయాయని ఇంట్లో అందరం ఒక్క మాట అనుకున్నాం. చివరకు మా పిల్లలైన మీకు కూడా ఆ జ్వరం కథే చెప్పాం.

ఆ వరస ఎక్కడ వినబడినా నా వయసు వాళ్ల ముఖాలు వికసిస్తాయి. నాకు మాత్రం వంతెన మీద చెప్పుల చప్పుడు వినబడుతుంది. అందుకే ఆ పాట రాగానే రేడియో కట్టేసేవాణ్ణి. అందులో సంధులు సరిగా లేవని కసురుకొనేవాణ్ణి. పాపం, ఆ పాటలో సంధులన్నీ సరిగానే ఉన్నాయి.

మొన్న రాజోలులో పెళ్లికి వెళ్లాం. ఆర్కెస్ట్రా వాళ్లు ఆ పాటే అందుకొన్నారు. మీ మావయ్య సౌండు పెట్టె పక్కనే కూర్చొని గుత్తి వంకాయ కూర తింటున్నాడు. పెట్టె అదురుతోంది, అతనికి చీమ కుట్టినట్లయినా లేదు. నా ముఖం చూశాడు.

“ఏం బావా, మొహం అలా పెట్టేవేంటి? ఆ పాటేనా?”

తల ఊపాను. మీ అమ్మ ఊరుకోలేదు. అన్నగారికి అర్థమయ్యేలా పెదవులు నిదానంగా కదుపుతూ, “నీ మేనకోడలు పాట కట్టిందిరా అన్నయ్యా. అందులో తప్పుందని ఈయన కొట్టేసేరు” అంది.

“ఏ మాట?”

చెప్పక తప్పలేదు. నా పెదవులు చూసి, విస్తరి ముందు అందరూ తిరిగి చూసేటంత గట్టిగా నవ్వాడు.

“అది నువ్వు దిద్దిచ్చిన మాటే కదా. అప్పుడొప్పు, ఇప్పుడు తప్పెలాగయ్యింది? వ్యాకరణం మారిందా, పాడేది కూతురని మారిందా?”

నేను విస్తరి మడిచి లేచాను. చేతులు కడుక్కొనే చోటికి అతనే నా వెంట వచ్చాడు.

“ఒరే బావా, ఇన్నేళ్లూ నువ్వేమనుకుంటున్నావో నాకు తెలీదనుకోకు. నీ మాట పట్టుకుని నిలబడిపోలేదు నేను. కొత్తగా కుట్టించుకున్న ప్యాంటు, అడుగున జానెడు వెడల్పు. అది సైకిలు చైన్లో పడింది. లాక్కోలేకపోయేను. అంతే. పిల్లని పాడుకోనీ.”

ఆ మాటతో నా గుండె మీది బరువు దిగిపోయిందనే అనుకున్నాను. ఆటోలో తిరిగి వస్తూ మీ అమ్మకు చెప్పాను. ఆమె నా వైపు తిరిగి, “సైకిలేంటండీ? మా అన్నయ్యకి సైకిలు తొక్కడం ఇప్పటికీ రాదు” అంది.

ఎవరి సైకిలునైనా నడిపించుకొని వస్తున్నాడేమో. నాకైతే ఆ వంతెన మీద సైకిలు గుర్తు లేదు. మళ్లీ వెళ్లి అడగలేదు, అడగను. నా కోసం అతను అల్లి చెప్పాడో, జరిగిందే చెప్పాడో తెలియకుండానే నేను నీకు జవాబు చెప్పాలి.

కనుక ఇదీ నా జవాబు. ఆ మాట ఒప్పు, నేను గీసిన గీత తప్పు. పాడవద్దని నీకు చెప్పను. పద్నాలుగేళ్లుగా ఏటికేడు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఎదురుచూసే మనిషిని ‘నిలిచి వేడుకో’ అనడం ఎంత అవమానమో నాకు ఇప్పుడు తెలిసింది. కాని తల్లీ, సోమవారం తలపుకు వస్తే నాకు అన్నం సహించడం లేదు. ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు. ఎండకు అలసిపోయి, వినతిపత్రం ఇచ్చి, మజ్జిగ తాగి ఇళ్లకు పోతారేమో. అలాగే జరగాలని నరసింహస్వామికి మొక్కుకొన్నాను. అలా జరగకపోతే, లాఠీ లేస్తే, పాట పూర్తి కాలేదని నిలబడవద్దు. ‘వెనుదిరగం’ అని పాడినవారు వెనుదిరగరాదని ఏ వ్యాకరణంలోనూ లేదు. పక్కనున్నవారి చేయి పట్టుకొని వెనక్కి రండి. మరునాడు మళ్లీ అదే మాట పాడుకోవచ్చు. గొంతూ చెవులూ ఉంటేనే కదా పాట.

ఇది నీకు ఒక్కదానికే చెబితే చాలదు. నీవు పాట ఎత్తుకొంటే, నీవు ఆగేవరకు నీ వెనుకవాళ్లు ఆగరు. కనుక సోమవారానికి ముందు, నీతోపాటు ముందు వరుసలో నడిచేవారందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఈ లేఖను మొదటి నుంచి చివరి వరకు, నేను పరుగెత్తాననే మాట కూడా వదలకుండా, గట్టిగా పైకి చదివి వినిపించు.

ఇట్లు,
నీ నాన్న