సంపూర్ణమ్మ అల్లిన బొటనవేలు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం కాపురస్థుడు, కీర్తిశేషులు వెంకన్న గారి కుమారుడు, టిఫిన్ హోటలు నడిపి మానుకున్న యర్రంశెట్టి బుల్లిరాజు అనే నేను, కళ్లూ చెవులూ బుద్ధీ సరిగ్గా పనిచేస్తుండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా స్వదస్తూరితో రాసుకున్న వీలునామా. నా బుద్ధి సంగతి మా పిల్లలకు అనుమానంగా ఉంది. బాగానే ఉందర్రా నాయనా! ఇంత సంతోషంగా నేను పెళ్లినాడు కూడా లేను.

1. ఇల్లు, ఖాళీ స్థలం నా కుమారుడు శివరామకృష్ణకు, కుమార్తె రామతులసికి చెరిసగం. సర్వహక్కులతో అనుభవించవలసినది. వీధి అరుగు మాత్రం పగలగొట్టవద్దు. మీ అమ్మ సంపూర్ణమ్మ వంటిల్లు సర్దుకుని, మధ్యాహ్నాలు లేసు అల్లుకుంటూ కూర్చున్నది అక్కడే. ఇప్పుడు కూర్చుంటున్నదీ అక్కడే.

2. ఇడ్లీ పాత్ర, పెనాలు, గ్యాసు పొయ్యి మా హోటల్లో పనిచేసిన సూరమ్మకు. "అట్టు మాడుతుందండీ, కబుర్లు తరవాత చెప్పుకోండి" అని నన్ను జనంలో కేకలేసే హక్కు ఆమె ఒక్కదానికే ఇచ్చాను.

3. హోటలు నిండా జనం ఉండగా నన్ను "మొండివేలు బావా" అని పిలిచి అందర్నీ నవ్వించిన మా బావమరిది గంగరాజుకు, కాలు ఊగే బల్ల. దాని మీద కూర్చుని నవ్వుకోవలసినది.

4. ఇక నా చేతితొడుగు. ఇది ఎవరికీ ఇవ్వడం లేదు. ఎందుకో చెబుతాను.

నా కుడి బొటనవేలు రైసు మిల్లు బెల్టులో పోయింది. హోటలు పెట్టాక మసిగుడ్డ జారిపోయేది, పట్టకారు చేతిలో నిలిచేది కాదు. "ఉండండి, మీ చేతికి చొక్కా అల్లుతాను" అంది సంపూర్ణ. లేసు అలవాటు కదా, మొదటిది నిండా పువ్వులూ బొక్కలే! దాంతో ఇడ్లీ పాత్ర పట్టుకుంటే నా అరచేతి మీద అవే పువ్వులు బొబ్బలై లేచాయి. ఆవిడ ఏడ్చి, తరవాత పడీ పడీ నవ్వింది. రెండోది నాలుగు పేటల నూలుదారం కలిపి, సూది దూరనంత బిగువుగా, రెండు పొరలుగా అల్లింది. నాలుగు వేళ్లకూ ఒకటే సంచి. బొటనవేలు లేదు గనక దానికి చోటు పెట్టకుండా పక్కన నున్నగా మూసేసింది.

ఆవిడ పోయి మూడో ఏడు. ఈ వానలు తగ్గాక, మేకుకు వేలాడుతున్న తొడుగు పక్కన గుండ్రటి బొక్క కనబడింది. ఎలుక కొరికిందనుకున్నాను. మర్నాడు నేను కునుకు తీసి లేచేసరికి బొక్క చుట్టూ ఒక వరుస అల్లి ఉంది. ఆ మర్నాడు ఇంకో వరుస. అరుగు మీద తెల్ల దారం పోగులు. బొటనవేలు మొలుస్తోంది!

తుని నుంచి వచ్చిన రామతులసి చూసి, "నాన్నా, ఇది మంచిది కాదు, గోదాట్లో పారేద్దాం" అని ఏడుస్తూ దారం లాగి, అల్లినదంతా విప్పేసింది. అన్నం తిని అరుగు మీద నడుం వాల్చింది. లేచేసరికి విప్పినదంతా అల్లి ఉంది. దాని జుట్టూ బిగించి జడ అల్లి, చివర లేసు దారంతో ముడి వేసి ఉంది. తులసీ, నీ మీద మీ అమ్మకు కోపం లేదమ్మా. ఉంటే జడ వేస్తుందా?

5. నిన్న వేలి కొన మూసుకుంది. తొడుక్కున్నాను. ఖాళీ వేలు వాలిపోవాలి కదా, నిటారుగా నిలబడింది. మరుగుతున్న పాలగిన్నె దించితే, లేని వేలికి వెచ్చగా తగిలింది. వీధి వీధంతా కాజాలు పంచాను. నేను వెళ్లే చోట నా చెయ్యి చెయ్యంతా ఉంటుందని దీని అర్థం, ఇంకేముంటుంది!

అయితే దారం ఇంకా తెగలేదు, ఉండ వేలాడుతూనే ఉంది. ఏదల్లినా నా చేతికి తొడిగి, సరిపోయిందని చూసుకున్నాకే ఆవిడ పళ్లతో కొరికి తెంపేది. పిల్లలు సాయంత్రం కారు తెచ్చి నన్ను తుని తీసుకుపోతామన్నారు. అందుకని ఈ మధ్యాహ్నమే తొడుగు వేసుకుని అరుగు మీద పడుకుంటాను. మీరు వచ్చేసరికి నేను లేవకపోతే ముందు దారం చూడండి. తెగి ఉంటే తొడుగు లాగవద్దు, దాంతోనే నన్ను సాగనంపవలసినది. తెగకపోతే నన్ను కదపవద్దు. రేపు మధ్యాహ్నం దాకా ఆగండి, మీకు దణ్ణం పెడతాను.

6. పై సంగతులన్నీ సక్రమంగా జరిపించే బాధ్యత సామ్యేలు మాస్టారిది. ఆయన నమ్మరు, కానీ మాట తప్పరు.

నరసాపురం, 15-11-2002, శుక్రవారం ఉదయం.

(సంతకం) యర్రంశెట్టి బుల్లిరాజు
ఎడమ బొటనవేలి ముద్ర వేశాను. కుడిదానికి పక్కన చోటు వదిలాను.

సాక్షులు:
1. సామ్యేలు, రిటైర్డు టీచరు.
2. అమ్మిరాజు, పాల వ్యాపారం. తొడుగు బొటనవేలు నొక్కి చూసి, లోపల ఎముక ఉందన్నాడు. సంతకం పెట్టి, పాలక్యాను ఇక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.