కారు ముక్కుకు కట్టే స్పాంజి

బావా,

‘గౌరవనీయులైన బావగారికి’ అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. సూటిగా అడుగుతున్నాను. నీ షెడ్డులో మాతోపాటు బండలకు పాలిష్ పట్టే చిన్నత్తను, స్పాంజిముక్క దొంగిలించిందని పనిలోంచి తీసేశావట. సిగ్గనిపించలేదా?

నీ రిమోట్ బొమ్మకారు నైట్రో అనే ఇంధనంతో నడుస్తుంది. దాని ఇంజన్ గాలి పీల్చేచోట నూనెలో తడిపిన స్పాంజి తొడుగుతావు. “ఒరేయ్, ఒక్క ఇసుక రేణువు లోపలికెళ్లిందంటే పిస్టన్ గీసుకుపోయి ఇంజన్ చస్తుంది” అని నాకే పాఠం చెప్పావు. ఆ కారును మా రాతిపొడిలోనే తిప్పుతావు. అదే పొడికి మేం మాస్కులడిగితే, “ఆ మాత్రం దుమ్ముకే చస్తారేంట్రా?” అన్నావు!

చిన్నత్త ఆ స్పాంజిని రబ్బరుబ్యాండుతో ముక్కుకు కట్టుకుంది. “నూనె కంపుకి తల తిరుగుతోంది గానీ అబ్బాయ్, దగ్గు తగ్గింది” అంది. ఇదా దొంగతనం?

మనిషికి ఊపిరి పీల్చే హక్కు లేదంటావా, సరే, ఆమెను ఇంజన్ కింద లెక్కగట్టైనా పనిలోకి తీసుకో. మమ్మల్నందరినీ ఇంజన్లుగానే రాసుకో. అభ్యంతరం లేదు. స్పాంజి మాత్రం తలా ఒకటి ఇవ్వాలి, దానికి నూనె నువ్వే పట్టించాలి.

అందాకా షెడ్డులో ఒక్క మిషనూ తిరగదు. నీ కారు మా దగ్గరే ఉంది. కంగారుపడకు, గాలి వెళ్లేచోట శుభ్రమైన గుడ్డ కుక్కి ఇనప పెట్టెలో పెట్టాం. ఆ పెట్టె మూతమీద నీ భార్య, అంటే మా అక్క, కూర్చుంది. కారు కావాలంటే వచ్చి ఆమెను లేవమని నువ్వే చెప్పు. మాకెవరికీ అంత ధైర్యం లేదు.

నీ బావమరిది