బెగోనియా లైట్ల స్విచ్ పెట్టె

ఏవండీ,

రోలుగుంట బస్సుకి టైమైంది, నేను స్కూలుకి వెళ్తున్నాను. మీరు డ్యూటీ నుంచి రాగానే వెనక గదిలో బెగోనియా మొక్కల మీది ట్యూబులైట్లు వెయ్యండి. గోడకి నేను బిగించిన చెక్క పెట్టెలో ఎడమ స్విచ్ పై అరకి, కుడిది కింద అరకి. చీకటి పడ్డాక రెండూ ఆపెయ్యండి, మొక్కలకీ నిద్ర కావాలి. తడి చేతులతో మాత్రం ముట్టుకోకండి.

భయపడొద్దు. మొదట రేకు డబ్బాతో చేసినప్పుడు ఫ్యూజు పోయి అత్తయ్య సీరియల్ ఆగిపోయిందని, "ఏటే ఈ కరెంటు పనులు నీకు?" అని మీరు అందరి ముందూ కసిరారు. ఆ కోపం నాకు చాన్నాళ్లు పోలేదు. ఈసారి వైర్లన్నీ విప్పి మళ్లీ కలిపాను. మా తమ్ముడు కిరణ్ బాబు టెస్టరు పెట్టి చూసి, "ఏం ఫర్లేదక్కా" అన్నాడు.

నిన్న మీరు అత్తయ్యని ఆ గదిలోకి తీసుకెళ్లి, "సూడమ్మా, ఇదంతా నీ కోడలే సొంతంగా సేసింది" అని గొప్పగా చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. పప్పు అడుగంటింది అందుకే. ఆ మాట నాతో కూడా ఒకసారి అనొచ్చు కదండీ.

పరిమళ

లంబసింగి నుంచి తెచ్చిన మొక్క ఎండకి చచ్చిపోయిందనుకున్నాం కదా, దానికి మొగ్గొచ్చింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు మీరు చూడండి.