నవత జడకు డ్యామేజీ రిపోర్టు

ఉధ్నా, జూన్ 9

గౌరవనీయులైన సంధ్యారాణి గారికి,

పాండేసరలో చీరలకు రంగులద్దే మిల్లులో కలర్ మాస్టరుగా పనిచేస్తున్న లింగమూర్తి నమస్కారాలు. ఫోన్ చేయవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. ఇరవై ఆరేళ్ల మిల్లు జీవితంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. నోటిమాట మీద ఏ ఫిర్యాదూ నిలవదు. పోనీ నేనే వద్దామంటే మీ పార్లర్ తలుపు మీద ఆడవాళ్లకు మాత్రమే అని బోర్డు ఉంది. అందుకే కాగితం పట్టాను. మా అమ్మాయి నవత తల చూపించుకోవడానికి వారం వారం మీ దగ్గరికి వస్తానంటోంది కనుక ఉత్తరాలు తన చేతికే ఇచ్చి పంపుతాను. మీ జవాబులు కూడా తనకే ఇవ్వండి.

ఇక విషయం. పోయిన ఆదివారం నవత నడుము దాకా జడతో మీ దగ్గరికి వచ్చింది. చెవుల దాకా జుట్టుతో ఇంటికి తిరిగొచ్చింది. "ఏందే బిడ్డా గిది?" అంటే, "స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న బాపూ. మందు పడలే. మొత్తం తెగిపోయింది, సంధ్యక్క కత్తిరించింది" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఆ జడ నేను వేసింది. నా భార్య మంగ చీరలు మడతపెట్టే పనికి పొద్దున ఏడింటికల్లా వెళ్లిపోతుంది. నవత ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచి కాలేజీ రెండో సంవత్సరం దాకా నూనె పెట్టి, చిక్కు తీసి, జడ వేసి పంపింది నేనే. వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వారులే అనుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల నా ముందు కూర్చోవడం మానేసింది. ఇంట్లో కూడా చున్నీ కప్పుకుని తిరుగుతోంది. నేను గదిలోకి వస్తే తను లేచి బయటికి పోతోంది. జుట్టు పోయినందుకన్నా నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

కాబట్టి మీరు వాడిన మందు పేరు, కలిపిన పాళ్లు, తలకు ఎంతసేపు పట్టించారన్నది, ఇస్త్రీ వేడి ఎంతన్నది రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
లింగమూర్తి, కలర్ మాస్టర్

తా.క. పరీక్ష కోసం నవత దువ్వెనలోంచి తీసిన ఏడు వెంట్రుకలు దారంతో కట్టి ఇందులో పెట్టాను. పని అయ్యాక తిరిగి పంపగలరు.

ఉధ్నా, జూన్ 12

లింగమూర్తి అన్నకు సంధ్యారాణి నమస్తే.

నేను పార్లర్ పెట్టిన పదకొండేళ్లలో నాకు ఉత్తరం రాసిన మనిషి మీరొక్కరే. కవరు చూసి షాపులో ఉన్నవాళ్లంతా ఏదో శుభలేఖ అనుకున్నారు. చింపగానే దారంతో ముడివేసిన వెంట్రుకలు ఒళ్లో పడ్డాయి. బాలవ్వ అని, మీ వెనక గల్లీలో ఉండే పెద్దావిడ, "అమ్మో, నీకెవరో మంత్రం జేసిండ్రే!" అని ఒక్క అరుపు అరిచింది. ఫేషియల్ పూసుకున్న ఇద్దరు ఆ ముఖాలతోనే రోడ్డు మీదికి పరుగెత్తారు. వాళ్లను చూసి ఆటోవాడు బ్రేకు వేశాడు. ఇదంతా మిమ్మల్ని అనడానికి రాయడం లేదు, జరిగింది చెబుతున్నాను.

మీరు అడిగినవాటికి నేను జవాబు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కూడా చెప్పలేను. తప్పు నాదే అనుకోండి.

ఇకముందు చేయాల్సింది మాత్రం చెబుతాను. పాడైన వెంట్రుక మళ్లీ బాగుపడదు అన్నా. ఏ నూనె పెట్టినా, ఏ క్రీము రాసినా పైపై మెరుపే. కుదుళ్ల నుంచి నెలకు అర అంగుళం కొత్తది వస్తుంది. అది వచ్చిన కొద్దీ పాత చివర్లు తీసేస్తూ పోవాలి. వేడి తగలకూడదు, గట్టిగా దువ్వకూడదు. ఓపిక పట్టడం తప్ప ఇంకో మందు లేదు. నవతకు ఓపిక ఉంది. మీకు ఉందా అన్నదే నా అనుమానం.

మీ చెల్లెలు,
సంధ్యారాణి

తా.క. వెంట్రుకలు తిరిగి పంపుతున్నాను. ఆరే ఉన్నాయి. ఏడోదాన్ని బాలవ్వ నిమ్మకాయతో సహా నాలుగు తొవ్వల కాడ పడేసి వెనక్కి చూడకుండా వచ్చింది.

ఉధ్నా, జూన్ 20

సంధ్యారాణి గారికి,

మీ ఉత్తరం అందింది. "తప్పు నాదే అనుకోండి" అని రాశారు. అనుకోవడానికి ఏముంది? నేను పరీక్ష చేసి తేల్చాను.

మీరు పంపిన ఆరు వెంట్రుకలనూ మిల్లు ల్యాబులో పెట్టి చూశాను. తడిపి లాగితే రబ్బరులాగా సాగి తెగిపోతున్నాయి. సోడా దెబ్బ తిన్న ఉన్ని పోగు ఇలాగే తెగుతుంది. నానబెట్టిన నీళ్లలో రంగు కాగితం ముంచితే అది కూడా సోడా అనే చూపించింది. అంటే మీ మందులో సోడా పాలు ఎక్కువైంది. పిల్ల తల అది. రంగు వేయని గ్రే బట్ట కాదు.

ఇక మీ సలహా. పాడైన వెంట్రుక బాగుపడదట. మా మిల్లులో ఒక తాకా దెబ్బతింటే, నూరు మీటర్ల బట్టను ఎవరూ రోడ్డు మీద పారేయరు. మళ్లీ కడిగి, మళ్లీ ఫినిషింగ్ ఇచ్చి సేఠ్ కంటికి కొత్తదానిలా నిలబెడతాం. మీ చదువులో ఆ పాఠం లేనట్టుంది.

ఈ సంగతి మంగ ద్వారా వాడకట్టులో ఆడవాళ్లందరికీ తెలిసింది. నేను చెప్పమనలేదు. వద్దు అని కూడా అనలేదు.

నవత నిన్న కూడా నాతో కలిసి అన్నం తినలేదు.

ఇట్లు,
లింగమూర్తి

తా.క. నవత చేత ఒక సీసా పంపుతున్నాను. చీరబట్టకు జిడ్డు తీసి మెరుపు తెచ్చే మా మిల్లు మందు. ఏడాదిగా నవత తలస్నానం నీళ్లలో రెండు మూతలు నా చేత్తో నేనే కలిపి ఇస్తున్నాను. జడ అలా నిగనిగలాడింది దీనివల్లే. మీరు పాడుచేసినదాన్ని దీంతో కొంతైనా సరిచేయగలరేమో చూడండి. మూత గట్టిగా బిగించండి, ఖరీదైన సరుకు.

ఉధ్నా, జూన్ 23

లింగమూర్తి అన్నకు,

సీసా ముట్టింది. అన్నా, రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. ఆ సీసాలోది ఇక మీ ఇంట్లో ఎవరి తలకూ పెట్టకండి. ఎందుకని నన్ను అడగకండి. నేను ఒక మాట ఇచ్చి ఉన్నాను, అది దాటలేను.

మంగ వదిన పుణ్యమా అని ఈ వారం మన తెలుగువాళ్లు ఒక్కరు కూడా గడప తొక్కలేదు. పెళ్లికూతురిని చేయడానికి మాట్లాడుకున్న వజ్రమ్మ బిడ్డ కూడా వేరేచోటికి పోయింది. వజ్రమ్మ దారిలో కనబడి, "నీ చెయ్యి మంచిది కాదంటున్నరు సంధ్యా" అని ముఖం మీదే చెప్పింది. పదకొండేళ్లుగా ఈ చెయ్యి మీదే బతుకుతున్నాను. ఆ రోజంతా నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నవత కొత్త జుట్టు మొలుస్తోంది. నున్నగా, ఆరోగ్యంగా ఉంది. అది మాత్రం నిజం.

సంధ్యారాణి

తా.క. మీ ఖరీదైన సరుకు బాత్రూంలో పెడితే మా పనిమనిషి తెలియక ఒక మూత పోసి గచ్చు కడిగింది. ఆరేళ్ల నాటి హెయిర్ డై మరక పోయింది. మరక కింద ఉన్న సిమెంటు కూడా కొంచెం పోయింది.

ఉధ్నా, జూలై 19

పార్లర్ యజమానురాలికి,

నమస్కారం పెట్టే మనసు లేక పెట్టడం లేదు.

మీరు మా మిల్లు మందు మీద నింద వేశారు. దాన్ని నేను స్వయంగా పరీక్షించాను. ఆ మందు నిర్దోషి. పూర్తిగా నిర్దోషి. పసిపిల్లల తలకు కూడా పెట్టవచ్చు. నవత జుట్టు పోవడానికి కారణం మీ స్ట్రెయిటెనింగ్, మీ అజాగ్రత్త, మీ చెయ్యి. ఇందులో నవత తప్పు ఆవగింజంత కూడా లేదు. మా ఇంట్లో ఎవరి తప్పూ లేదు. ఈ ముక్క మళ్లీ రాస్తున్నాను, బాగా చదువుకోండి. మా ఇంట్లో ఎవరి తప్పూ లేదు.

నేను ఈ సంగతి జన్మలో మరిచిపోను. నా కోపం మీ మీదే ఉంది, మీ మీదే ఉంటుంది. నవత మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. తల మీద జుట్టు ఉన్నా లేకున్నా తను నా బిడ్డే. మీకు ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు, అయినా రాస్తున్నాను.

ఇట్లు,
మిమ్మల్ని క్షమించని
లింగమూర్తి

తా.క. ఆ సీసాలు ఇంటికి తేవడం మానేశాను. మీరు చెప్పినందుకు కాదు. సేఠ్ గేటు దగ్గర సంచులు వెతికిస్తున్నాడు.

ఉధ్నా, ఆగస్టు 3

లింగమూర్తి అన్నకు,

ఈ ఉత్తరం నవతకు ఇవ్వలేదు. మీ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ సోమలింగం చేతికి ఇచ్చి, మీకు తప్ప ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వచ్చాను. కూర్చుని చదవండి.

మీ అమ్మాయికి నేను స్ట్రెయిటెనింగ్ చేయలేదు. ఎవరూ చేయలేదు. ఆ ఆదివారం తను వచ్చేసరికే జడ సగానికి పైగా పీచులాగా అయిపోయింది. ముట్టుకుంటే చేతికి ఊడి వస్తోంది. కాలేజీ సెలవులని వారం రోజులుగా తనే జడ వేసుకుంటూ మీకు కనబడనివ్వలేదట. తలకు ఏం పెడుతున్నావని నాలుగుసార్లు అడిగాను. చివరికి మీ సీసా సంగతి చెప్పింది. మీరు అద్దే పాలిస్టర్ చీర ఆ మందును తట్టుకుంటుంది. వెంట్రుక తట్టుకోదు. బట్టకు మంచిదైతే బిడ్డకూ మంచిదనుకున్నారు. ప్రేమతోనే పోశారని నాకు తెలుసు, నవతకూ తెలుసు.

ఆ రోజు నుంచి మీరు కలిపిచ్చిన నీళ్లు తను పారబోస్తోంది. కత్తిరించడం తప్ప నాకు దారి లేకపోయింది. జుట్టు నేల మీద పడుతుంటే తను జుట్టు కోసం ఏడవలేదు అన్నా. నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "అక్కా, మా బాపుకు తెల్వొద్దు. తెలిస్తే మళ్ల నా నెత్తి ముట్టడు. గాయన తట్టుకోడు. నువ్వు స్ట్రెయిటెనింగ్ చేసినవని చెప్త, జర ఒప్పుకో అక్కా." నన్ను కన్న మా బాపు అయితే నేను ఎటు పాపిట తీస్తానో కూడా ఏనాడూ చూడలేదు. అందుకే సరేనన్నాను.

మీరు గదిలోకి వస్తే తను లేచి పోయేది సిగ్గుతో కాదు. మీరు తల మీద చెయ్యి వేస్తే నిజం బయటపడుతుందన్న భయంతో. ఇక నావల్ల కావడం లేదు, మాట తప్పుతున్నాను. షాపు మూతపడేలా ఉంది.

మీ చెల్లెలు,
సంధ్యారాణి

తా.క. కోపం వస్తే నామీదే చూపించండి. నాకెలాగూ అలవాటైంది.

పాండేసర, ఆగస్టు 5

చెల్లె సంధ్యారాణికి, అన్న లింగమూర్తి తల వంచుకుని రాసేది.

ఈ కాగితాన్ని నేనే మీ షట్టర్ కింద నుంచి తోస్తున్నాను. మన ఉత్తరాల్లో నేను రాసినవాటిలో నవత చదవనిది ఇదొక్కటే. మొదటి నుంచీ తను నా కవర్లు విప్పి చదివి, అన్నం మెతుకుతో అంటించి మీకు తెస్తోంది. కవరు అంటించింది మెతుకో జిగురో మిల్లువాడికి తెలియదా? మీ జవాబుల కవర్లు కూడా మెతుకుతోనే అంటుకుని వచ్చేవి. మొదట్లో కోపం వచ్చింది. తర్వాత చదవనిచ్చాను.

మీరు రాసిన నిజం నాకు జూన్ ఇరవై నాలుగునే తెలిసింది. మీ గచ్చు సంగతి చదివి, రెండు మూతల మందు నీళ్లలో కలిపి, నవత వెంట్రుక ఒకటి అందులో వేశాను. మధ్యాహ్నానికి తెగింది. మిల్లు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సోమలింగం నా కంట్లో రంగు పడిందనుకుని బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. పద్నాలుగేళ్లు నేను వేసిన జడను నా చేత్తోనే నేను కాల్చాను చెల్లే. ఈ మాట ఎవరితోనూ అనలేక నీకు రాస్తున్నాను.

మరి జూలైలో నిన్ను అన్ని తిట్లు ఎందుకు తిట్టానంటావా? నీకు రాసినట్టు రాసి నవతకు చెప్పాను. ఇంట్లో ఎవరి తప్పూ లేదని రెండుసార్లు రాసింది తన కోసం. నేను తిట్టడం ఆపితే బాపుకు తెలిసిపోయిందని పసిగడుతుంది. తను నా కోసం దాస్తోంది, నేను తన కోసం దాచాను. మధ్యలో నీ షాపు నాశనం చేశాను. అది నేను చేసిన రెండో తప్పు. మంగకు అంతా చెప్పాను. ఈ ఆదివారం వజ్రమ్మను, బాలవ్వను, ఇంకా వచ్చినవాళ్లందరినీ వెంటబెట్టుకుని నీ దగ్గరికి వస్తుంది. "సంధ్య చెయ్యి బంగారం, కంపెనీ పంపిన స్ట్రెయిటెనింగ్ మందే ఖరాబు" అని నిన్నటి నుంచి వాడంతా తిరిగి చెబుతోంది.

నిన్న పొద్దున ఒక సంగతి జరిగింది. నవత నూనె గిన్నె తెచ్చి నా ముందు పెట్టి నిలబడింది. "బాపూ, సంధ్యక్క మీద ఇంక కోపం పోలేదా?" అంది.

"పోలే" అన్నాను.

"జర గూడ?"

"జర గూడ పోలే. సచ్చేదాంక పోదు."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. చున్నీ తీసేసి, నా ముందు కూర్చుని, తల నా చేతుల్లో పెట్టింది. కుదుళ్ల దగ్గర అంగుళం కొత్త జుట్టు. పుట్టినప్పుడు కూడా అంతే ఉండేది. గిన్నెలో నూనె తీసుకుని కుదుళ్లకు రాశాను.

అందుకని నిన్ను ఒకటి అడుగుతున్నాను. ఆ జుట్టు భుజాల దాకా రానీ. అప్పుడు నేనే తనను కూర్చోబెట్టుకుని నిజం చెబుతాను. అప్పటిదాకా ఈ తప్పు నీ దగ్గరే ఉంచు. రేపు నవత చేతికి ఇంకో ఉత్తరం ఇస్తున్నాను. చాలా కటువుగా ఉంటుంది, మనసులో పెట్టుకోకు. నువ్వు కూడా గట్టిగానే జవాబు రాయి. మెత్తగా రాస్తే పిల్లకు అనుమానం వస్తుంది.

నీ అన్న,
లింగమూర్తి

తా.క. ఆ రెండు మూతలు ఏడాదిగా నేను కూడా పోసుకున్నాను. నా జుట్టు ఊడింది వయసు వల్లేనని ఇంట్లో నమ్మించాను. మిల్లులో మాత్రం వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చి వచ్చాననుకుని అందరూ ప్రసాదం అడుగుతున్నారు. నిన్న ఉధ్నా బజారులో లడ్డూలు కొని పంచాను. సేఠ్ ఒకటి కళ్లకు అద్దుకుని తిన్నాడు.